కళావతి, ఎం.బి.ఏ. కాదు

జనగామ,
2011 జూలై 3.

కాకా,

నువ్వూ, కాకీ, రెండు బర్రెలూ క్షేమమని తలుస్తూ రాస్తున్నాను. నా గదిలో ఉండే నర్మెట్ట శిరీషకు మన ఉత్తరాలంటే నవ్వులాట; చిన్నమ్మను మనం కాకి అంటామన్నా నవ్వే. “మీ కాక ఫోన్ కొనడా?” అంటుంది. బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేసి దిగినవాడు ఫోన్‌లో మాట్లాడితే డిపార్టుమెంటుకు ద్రోహం చేసినట్టని నువ్వన్న మాటే చెప్పాను. మనింట్లో మాట్లాడేది లంబాడీ అనీ, దానికి లిపి లేదు కాబట్టి ముద్దూ తిట్టూ మన భాషలో, ఉత్తరాలు తెలుగులో అనీ కూడా చెప్పాను. అందుకే మా ఉత్తరాలు ఆఫీసు కాగితాల్లా ఉంటాయంటే మళ్లీ నవ్వింది.

అసలు సంగతికి వస్తాను. రెండో సెమిస్టరు పరీక్షలు మళ్లీ వాయిదా పడ్డాయి. మొదటిసారి బంద్. తర్వాత బంద్‌కు మద్దతుగా లెక్చరర్ల సెలవు. ఈసారి ఎందుకో నోటీసులో రాయలేదు. అటెండరును అడిగితే “మీకు తెల్వదా” అని గోడకు జిగురు పూసి పోయాడు. నోటి పరీక్ష ఒక్కటి మాత్రం పదకొండో తేదీన తప్పక పెడతారట. ఎక్కడినుంచో పెద్ద సారు ఒకాయన వస్తాడట. అది అయితే మొదటి ఏడాది సగం గట్టెక్కినట్టే.

మన ఊరి గోవర్ధన్‌రావు గారి గౌతమ్‌ది కూడా మా క్లాసే. హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించడు.

నాయిన పోయిన నాటి నుంచి చదివించినవాడివి నువ్వు. రెండేళ్లలో ఎం.బి.ఏ. పట్టా తెచ్చి నీ చేతిలో పెడతానని బయల్దేరాను. ఈ తీరు చూస్తుంటే మొదటి ఏడాదే రెండేళ్లు పట్టేట్టుంది. కాకిని అడిగానని చెప్పు.

నీ బిడ్డ,
కళావతి


బోడగుట్ట తండా,
మహబూబాబాద్ దగ్గర,
2011 జూలై 13.

చి. కళావతికి,

రిటైర్డు బ్రాంచి పోస్టుమాస్టరు, ప్రస్తుతం ఉద్యమ జేఏసీలో తండాల విభాగం కన్వీనరు అయిన నీ కాకా జైసింగ్ దీవెనలు.

అవును, కన్వీనరునయ్యాను. స్టేషన్ రోడ్డులో టెంటు వేశాం. రిలే దీక్షలు నడుస్తున్నాయి. గోవర్ధన్‌రావు గారు కూడా కూర్చుంటున్నారు. పోస్టుమాస్టరుగా ఉన్నన్నాళ్లూ ఆ ఇంటి ఉత్తరాలు గేటు దిమ్మె మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టి వచ్చేవాణ్ని. లోపలికి రమ్మని ఏనాడూ అన్నది లేదు. ఇప్పుడు ఇద్దరం ఒకే జంఖానా మీద కూర్చుంటున్నాం. ఉద్యమం అంటే అదీ.

ఆయన టెంట్లో అందరికీ వినబడేట్టు “మావోడు ఎంబీఏ చేస్తుండు” అన్నాడు. నేను ఊరుకుంటానా? “మా అన్న బిడ్డ గూడ గదే చేస్తున్నది” అన్నాను. అంతటితో ఆగలేదు. ఇంటికొచ్చి పంచాయితీ కూర్చునే నసాబ్‌లో, నాయక్ ముందర, పెద్దలంతా కూర్చుని ఉండగా, వచ్చే ఏడాదికి మన తండాలో మొదటి ఎం.బి.ఏ. ఉంటుందని మాటిచ్చాను. నసాబ్‌లో అన్న మాట తప్పితే తప్పు కట్టాలని నీకు తెలుసు. కాబట్టి జాగ్రత్తగా చదువుకో.

మొన్న పదకొండో తేదీన స్టేషన్‌లో రైలు ఆపాం. ఖమ్మం వైపు నుంచి వచ్చే బండిని మూడు గంటలు కదలనియ్యలేదు. ప్రయాణికులకు కష్టం కలగకుండా పులిహోర పంచాం. బట్టతల పెద్దమనిషి ఒకాయన సూట్‌కేసు పట్టుకుని దిగి నన్ను బతిమాలాడు. “నేను పరీక్ష పెట్టడానికి పోవాలండీ, పిల్లలు ఎదురు చూస్తుంటారు” అన్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి, “సారూ, పరీక్ష ఇయ్యాల కాకపోతె రేపొస్తది. తెలంగాణ మల్ల రాదు” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన పులిహోర రెండోసారి అడిగి పెట్టించుకుని, వెనక్కి పోయే బండి ఎక్కాడు.

నోటి పరీక్ష బాగా రాసి ఉంటావనుకుంటాను.

దీవెనలతో,
జైసింగ్, కన్వీనరు


జనగామ,
2011 జూలై 20.

కన్వీనరు గారికి,

నోటి పరీక్ష రాసేది కాదు, చెప్పేది. చెప్పడానికి పొద్దున తొమ్మిదికే ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. మధ్యాహ్నం రెండింటి దాకా వరండాలో కూర్చున్నాం. రెండింటికి ప్రిన్సిపాల్ వచ్చి, ఖమ్మం నుంచి రావలసిన సారును మహబూబాబాద్‌లో ఉద్యమకారులు ఆపేశారని చెప్పాడు. బట్టతల ఆయనే. సూట్‌కేసులో ఉన్నవి మా ప్రాజెక్టులు.

మా క్లాసువాళ్లు కూడా “జై తెలంగాణ” అని చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆపినవాడు మా కాకానేనని నీ ఉత్తరం వచ్చాక తెలిసింది. శిరీషకు చెప్పలేదు.

రాష్ట్రం రావద్దని నేననను. నాకూ కావాలి. కాకపోతే రైలు ఆపేముందు ఒకసారి నా ఉత్తరం చదువుకుంటే బాగుండేది. తేదీ రాసే ఉంది.

పులిహోర ఎవరు చేశారు? సారు చాలా బాగుందన్నాడట.

కళావతి


బోడగుట్ట తండా,
2011 జూలై 27.

చి. కళావతికి,

నీ ఉత్తరం చదివి మీ కాకి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పులిహోర చేసింది ఆమే.

ఆ పెద్దమనిషి ఏ కాలేజీకి పోతున్నాడో చెప్పలేదు. చెప్పి ఉంటే ఏం చేసేవాణ్నో నాకు తెలియదు. ఒక్క మనిషికోసం దారి ఇస్తే రేపు పదిమంది అడుగుతారు. పోరాటంలో ప్రతి ఇల్లూ ఎంతో కొంత నష్టపోక తప్పదు. మన ఇంట్లో అది నీ వంతు అయింది. దీన్ని నువ్వు ఉద్యమానికి చేసిన త్యాగంగా టెంట్లో ప్రకటించాను. పేరు చెప్పి చప్పట్లు కొట్టించాను కూడా.

పరీక్షలు మళ్లీ పెడతారు. తొందర లేదు. నిండు పట్టా ముఖ్యం.

జైసింగ్


జనగామ,
2011 డిసెంబర్ 11.

కాకా,

సకలజనుల సమ్మె నెలల్లో బస్సులు లేక నీ ఉత్తరాలు రెండు కలిసే అందాయి. పరీక్షలు చివరికి నవంబరులో అయ్యాయి. బట్టతల సారు వచ్చాడు. నేను బోడగుట్ట తండా అనగానే “పులిహోర” అన్నాడు. మొదటి ఏడాది అన్ని పేపర్లూ ఫస్టు క్లాసులో పాసయ్యాను.

ఇప్పుడు చెప్పే సంగతి రెండుసార్లు చదివి గాని కోపగించుకోకు. రెండో ఏడాది ఎప్పుడు మొదలవుతుందో కాలేజీలో ఎవరికీ తెలియదు. మొదటి ఏడాది పాసైనవాళ్లు కావాలంటే అక్కడితో ఆగి, వ్యాపార నిర్వహణలో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చని నిబంధన ఉంది. పట్టా కాదు, కానీ యూనివర్సిటీ ముద్రతో ఇచ్చేదే.

భూపాలపల్లిలో ఆడవాళ్ల విస్తరాకుల సంఘం ఒకటి ఉంది. కాటారం వైపు ఊళ్లలో ఆకు సేకరించి, కుట్టి, అమ్ముతారు. దాని అధ్యక్షురాలు ప్రియదర్శిని మేడం మా కాలేజీకి వచ్చి, లెక్కలూ అమ్మకాలూ చూసే మనిషి కావాలన్నారు. ఈ సర్టిఫికెట్ చాలన్నారు. జనవరిలో చేరాలి. మూడు నెలలు చూసి, పని నచ్చితే ఏప్రిల్‌లో ఖాయం చేస్తారు.

నాకు ఈ పని చెయ్యాలని ఉంది కాకా. ఊరికే గదిలో కూర్చుని నోటీసు కోసం చూడటం నావల్ల కావడం లేదు. నీ మాట కోసం ఎదురు చూస్తాను.

కళావతి


బోడగుట్ట తండా,
2011 డిసెంబర్ 19.

కళావతికి,

నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ కోపం వచ్చింది.

సర్టిఫికెట్ అంటే నాకు తెలియదా? ముప్పై నాలుగేళ్లు పంచాను. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, మనిషి పోతే పోయినట్టు సర్టిఫికెట్. ఎమ్మార్వో ఆఫీసులో దరఖాస్తు పెడితే పదిహేను రోజుల్లో ఇస్తారు. దానికోసం జనగామలో ఏడాదిన్నర ఉండాలా?

నువ్వు పేపరు చదువుతున్నావు కదా. ఢిల్లీవాళ్లు మనకు ఏమిస్తామంటున్నారు? ప్యాకేజీ ఇస్తాం, బోర్డు పెడతాం, రాష్ట్రం మాత్రం అడగొద్దు అంటున్నారు. మనమేమన్నాం? ఇస్తే నిండు రాష్ట్రం ఇయ్యి, లేకపోతే నీ ప్యాకేజీ నువ్వే ఉంచుకో అన్నాం. టెంట్లో రోజూ మైకు పట్టుకుని ఈ మాట చెప్పేది నేను. నా ఇంటి బిడ్డే ప్యాకేజీకి ఒప్పుకుంటే ఆ జంఖానా మీద నేనేం ముఖంతో కూర్చోవాలి?

సగం వద్దు. రెండో ఏడాది ఎప్పుడు మొదలైతే అప్పుడు చదువు. అప్పటిదాకా ఇంటికి రా. భూపాలపల్లికి పోవద్దు.

జైసింగ్


భూపాలపల్లి,
2012 ఫిబ్రవరి 5.

కాకా,

వచ్చేశాను. వచ్చి నెలవుతోంది; ఇంకా చెప్పకపోతే తప్పని రాస్తున్నాను.

గది బాగుంది. గనుల సైరనుకు లేస్తాను. మేడ ఎక్కితే చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టం కనిపిస్తుంది. అంత కరెంటు పక్కనే పుడుతున్నా మా సంఘంలో మధ్యాహ్నం ఫ్యాను తిరగదు. ముప్పైమంది ఆడవాళ్లు పనిచేస్తారు. కొమురవ్వ అనే ఆమె నన్ను చూసి, “గింత పోరి మాకేం లెక్క జెప్తది” అంది. నేను వాళ్ల పక్కన కూర్చుని ఆకు కుట్టడం నేర్చుకున్నాను. నేను కుట్టిన విస్తరిలో పప్పు నిలవదని ఇప్పుడూ నవ్వుతారు.

కానీ మొదటి ఏడాదిలో చదివిన ఖర్చుల లెక్క ఇక్కడ అక్షరాలా పనికొచ్చింది. పెళ్లిళ్ల కాలంలో చవగ్గా అమ్మి, వానాకాలంలో సరుకు లేక కూర్చుంటున్నారు. అది మార్చడం మొదలుపెట్టాను. రెండో ఏడాది చదివి ఉంటే ఏం మార్చేదాన్నో తెలియదు. మొదటి ఏడాదిది మాత్రం వృథా పోలేదు.

నువ్వు వద్దన్న పని మొదటిసారి చేశాను. నిద్ర పట్టడం లేదు. ఒక్క ముక్క రాయి.

కళావతి


బోడగుట్ట తండా,
2012 మార్చి 26.

కళావతికి,

నేను నీ మీద కోపంగా ఉన్నాను. కాబట్టి ఇది నా ఉత్తరం కాదు. మీ కాకి మోతీబాయి మన భాషలో చెబుతుంటే, ఆమెకు రాయడం రాదు కనుక, తెలుగు చేసి రాస్తున్నాను.

“బిడ్డా, మంచిగ తింటున్నవా? చెయ్యి కాల్చుకోకు. నువ్వు పోయినందుకు నాకేం కోపం లేదు.” (నాకు ఉంది. జై.) “మీ కాకా నీ ఉత్తరం రొండిల పెట్టుకోని తిరుగుతుండు.” (అది వేరే ఉత్తరం.) “ఉగాదికి బూరెలు చేసిన. నీకు పంపుదామంటే ఎవ్వలు పోతలేరు. మీ కాకా నీ బొమ్మతోని ఫ్లెక్సీ కట్టించిండు. మస్తుగున్నది.”

ఫ్లెక్సీ సంగతి నేనే చెబుతాను. గోవర్ధన్‌రావు గారు ఉగాది శుభాకాంక్షలని స్టేషన్ ముందు కొడుకు బొమ్మతో ఫ్లెక్సీ కట్టించారు. కింద “గౌతమ్, ఎం.బి.ఏ.” అని ఉంది. మరి మనం తక్కువా? దాని పక్కనే, దానికంటే జానెడు పొడుగు, నీ బొమ్మతో కట్టించాను. “కళావతి, ఎం.బి.ఏ., బోడగుట్ట తండా ముద్దుబిడ్డ.” నువ్వు చదువు ఆపిన సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎలాగూ పూర్తి చేస్తావు కాబట్టి ముందే వేయించాను.

“ఇంక చాలు అంటున్నడు. మంచిగుండు బిడ్డా.”

మోతీబాయి (చేవ్రాలు: వేలిముద్ర)


భూపాలపల్లి,
2012 ఏప్రిల్ 9.

కాకా,

నీ ఫ్లెక్సీ ఇక్కడిదాకా వచ్చింది.

మా దగ్గర విస్తళ్లు కొనే మహబూబాబాద్ (మానుకోట) వ్యాపారి మెచ్చుకుందామనే ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చి మేడంకు చూపించాడు. “మీ పిల్ల మా మానుకోటల శాన ఫేమస్” అన్నాడు. మేడం ఫోటో చూసి, నా దరఖాస్తు తీసి పక్కన పెట్టుకున్నారు. “ఇండ్ల సర్టిఫికెట్ అని రాసినవు. బజార్ల ఎంబీఏ అని కట్టుకున్నవు. రొండిట్ల ఏది అబద్ధం? అబద్ధం ఆడెటోళ్ల చేతికి ముప్పైమంది ఆడోళ్ల లెక్కలు ఎట్లియ్యాలె?” అన్నారు. నేను కట్టించలేదని చెప్పాను. “మరెవరు కట్టిచ్చిండ్రు?” అన్నారు. మా కాకా అని చెబితే నీకు మాట వస్తుందని, నేను కాదన్న మాటే మళ్లీ అన్నాను. మేడం నమ్మలేదు.

ఇరవయ్యో తేదీన కమిటీ కూర్చుంటుంది. నన్ను ఉంచేదీ పంపేదీ ఆ రోజే. నేను కాకపోతే, ఫ్లెక్సీ కట్టించిన మనిషి నుంచి రాతపూర్వకంగా కాగితం కావాలన్నారు.

కాకా, నువ్వు నన్ను సగం అన్నావు. ఆ సగం నిజమైనది. కరెంటు లేని రోజుల్లో కిటికీ దగ్గర కూర్చుని చదివి సంపాదించుకున్నాను. నువ్వు కలిపిన మిగతా సగమే అబద్ధం. అది ఇప్పుడు నా సగాన్ని కూడా తినేస్తోంది.

నాకు చాలా కోపంగా ఉంది. అయినా అడగడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

కళావతి


బోడగుట్ట తండా,
2012 ఏప్రిల్ 14.

బిడ్డా,

ఈ కవరులోనే మీ మేడం గారికి కాగితం పెట్టాను. రిజిస్టరు చేసి పంపుతున్నాను. నువ్వు కూడా చదువుకోవాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను:

“ప్రియదర్శిని గారికి, బోడగుట్ట తండా జైసింగ్ రాసిచ్చింది. స్టేషన్ ముందు ఫ్లెక్సీ నేను కట్టించాను. మా అన్న కూతురు కళావతి ఎం.బి.ఏ. కాదు. ఆమెకు ఉన్నది సర్టిఫికెట్. ఆమె ఎప్పుడూ అంతకంటే ఎక్కువ చెప్పుకోలేదు. ఎక్కువ చెప్పింది నేను. ఆమె వద్దనడానికి ఆమెను నేను అడగనే లేదు.”

“ఎం.బి.ఏ. కాదు” అని రాయడానికి రెండు కాగితాలు పాడుచేశాను. మూడోది కాకి పక్కన కూర్చుంటే రాశాను.

తర్వాత రంగు డబ్బా పట్టుకుని స్టేషన్‌కు పోయాను. పేరు వెనక మూడక్షరాల మీద నల్ల రంగు పూస్తుంటే గోవర్ధన్‌రావు గారు టెంట్లోంచి లేచి వచ్చారు. “ఎవలు సూస్తరు జైసింగ్, ఉండనియ్యరాదు. మావోడు మొదటేడు గూడ గట్టెక్కలె. నేను తీసేసిన్నా?” అన్నారు. నేను పూయడం ఆపలేదు. ఇప్పుడు స్టేషన్ ముందు గౌతమ్ ఎం.బి.ఏ. అలాగే ఉన్నాడు, నువ్వు మాత్రం నల్ల పట్టీతో ఉన్నావు. తెలియనివాళ్లు నీ మీద ఏదో కేసు ఉందనుకుంటున్నారు.

సాయంత్రం నసాబ్ పిలిపించి, నేనన్న మాట తప్పిందని చెప్పాను. తప్పు కింద మేకపోతు కట్టమన్నారు. కట్టాను. మరునాడు దీక్షలో నా వంతు. నేను టెంట్లో పస్తు ఉన్నాను, తండా అంతా నా మేకను తిన్నది. బాగా ఉడికిందట.

ఇంటికొస్తే మీ కాకి ఒక మాట అన్నది. “నువ్వు పర్మినెంటోనివి గాదు, సర్కారు లెక్కల ఎక్‌స్ట్రా మనిషివేనాయె. పింఛను గూడ ఇయ్యకపాయె. తండల ఎవ్వలన్న నిన్ను సగం పోస్టుమాస్టరు అన్నరా?” నేను లేచి బర్రెలకు నీళ్లు పెట్టడానికి పోయాను.

ఇరవై తర్వాత వెంటనే రాయి.

కాకా


భూపాలపల్లి,
2012 ఏప్రిల్ 22.

కాకా,

నన్ను ఖాయం చేశారు. మేడం నీ కాగితం కమిటీలో పైకి చదివారు. చదివాక కొమురవ్వ, “గిసోంటి కాక ఉన్న పోరి లెక్క తప్పదు తియ్” అంది. నాకు ఏడుపొచ్చింది. అందరూ ఖాయం చేసినందుకు అనుకున్నారు.

మేక సంగతి చదివి నవ్వాను. కాకికి చెప్పు, ఆమె చెప్పిన మాట నేను చెప్పాల్సింది.

సర్టిఫికెట్ యూనివర్సిటీ నుంచి పోస్టులో వచ్చింది. పోస్టుమాన్‌కు బూరెలు లేవు కాబట్టి టీ పోశాను.

నీ బిడ్డ,
కళావతి


భూపాలపల్లి,
2014 జూన్ 5.

కాకా,

రెండో తేదీ రాత్రి ఇక్కడ గనుల్లోనివాళ్లు, మా సంఘం ఆడవాళ్లు, అందరం రోడ్డు మీదే ఉన్నాం. మేడం కూడా ఆడారు. రాష్ట్రం వచ్చింది. నువ్వు అక్కడ ఎంత సంబరపడి ఉంటావో తలుచుకుని ఇక్కడ గంతులేశాను.

ఒక చిన్న సందేహం. పేపర్లో రాశారు, హైదరాబాద్ పదేళ్లు ఇద్దరికీ ఉమ్మడి రాజధాని అట. ఉద్యోగుల పంపకం, నీళ్ల పంపకం ఇంకా తేలలేదట. నువ్వు నిండుది కావాలన్నవాడివి, సగానికి ఒప్పుకోనన్నవాడివి. అందుకని అడుగుతున్నాను. మనకు వచ్చింది పట్టానా, సర్టిఫికెటా?

కోపం వద్దు. ఊరికే అడిగాను.

కళావతి


బోడగుట్ట తండా,
2014 జూన్ 12.

బిడ్డా,

సర్టిఫికెటే.

నీ ప్రశ్న టెంట్లో చదివి వినిపిద్దామంటే టెంటు విప్పేశారు. ఇంట్లోనే కాకికి చదివాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. మిగిలినదానికోసం ఇంకా కొట్లాడాలని తెలుసు. అయినా రెండో తేదీ రాత్రి తండాలో తెల్లారేదాకా ఆడినవాళ్లలో నేనే ముసలివాణ్ని. మోకాళ్లు ఇప్పటికీ సలుపుతున్నాయి.

నీ ఫ్లెక్సీ అప్పట్లోనే విప్పి తెచ్చి అటకెక్కించాను; ఈ ఏడు మిరప కుప్ప మీద కప్పుతున్నాం. మొన్నటి తొలకరికి నల్ల రంగు కారిపోయి మళ్లీ ఎం.బి.ఏ. బయటపడింది. డబ్బా తెచ్చి మళ్లీ పూశాను. నువ్వు నిజంగా చదివిననాడు నేనే గీకేస్తాను. చదవకపోయినా పరవాలేదు.

కుప్ప దగ్గర కూర్చున్నప్పుడు ఒకటి మనసుకు తగిలింది. రాజధాని కూడా సొంతంగా లేని రాష్ట్రం వస్తే రాత్రంతా ఆడాను. నీ సర్టిఫికెట్ సంగతి రాసిననాడు ఉత్తరం నిండా కోపం నింపి పంపాను. పాసైనందుకు బాగుంది బిడ్డా అన్న ముక్క కూడా లేదు అందులో. ఫస్టు క్లాసని రాశావు. అది నేను నాలుగుసార్లు చదివాను, ఒక్కసారి కూడా చూడలేదు.

వచ్చే నెల మొదటి మంగళవారం బస్సుకు నేనూ కాకీ భూపాలపల్లికి వస్తున్నాం. నీకు ఫ్రేము తెద్దామని నిన్న మహబూబాబాద్ పోయాను. దుకాణంవాడు “కాగితం ఎంతుంటది, నిండుదా, సగమా?” అని అడిగాడు. జన్మంతా కాగితాలు మోసినవాణ్ని, నీ కాగితం ఒక్కసారి చూడలేదు కాబట్టి చెప్పలేకపోయాను.

కొలత రాసి పంపు. కొని తెస్తాను.

కాకా